గేరుబాక్సు యిచ్చిన సెలవు

పండుగ సెలవు అనగానే మన పాఠకులలో చాలామందికి ఫ్యాక్టరీ గేటు దగ్గరి నోటీసుబోర్డు గుర్తుకు వస్తుంది. సంవత్సరారంభంలో యాజమాన్యమూ, యూనియనూ కూర్చుని ఖాయపరచుకున్న సెలవుల జాబితా ఆ బోర్డుమీద అంటించి వుంటుంది. ఆ జాబితాలో ఒక రోజును అటో యిటో జరపడానికి మన యూనియన్లు ఎన్ని గంటలు వాదించినవో మనకు తెలియనిది కాదు. ఫ్యాక్టరీలలోనూ, యితర సంస్థలలోనూ పనిచేసేవారికి జాతీయ, పండుగ సెలవుల కొరకు ఆంధ్రప్రదేశ్‌లో 1974లోనే చట్టం వచ్చింది. సెలవు హక్కు అవునా కాదా అన్న మీమాంస ఆ గేట్ల దగ్గర ఏనాడో తీరిపోయింది.

అయితే అటువంటి జాబితాను అంటించడానికి గోడే లేని పనిస్థలం ఒకటి వున్నది. అది పడవ. అందులో పనిచేసేవాడు అందులోనే వండుకుంటాడు, అందులోనే నిద్రపోతాడు, జ్వరం వస్తే అందులోనే పడివుంటాడు. ఏడాదికి తొమ్మిది పది నెలలు అదే అతని యిల్లు. ఆ యింట్లో ఒక పండుగ జరగగా మేము చూశాము. దానిని గురించే ఈ నాలుగు మాటలు.

2023 జనవరి రెండవ వారంలో మేము ముగ్గురం గుజరాత్ రాష్ట్రంలోని వేరావల్ చేపల రేవుకు వెళ్ళాము. అక్కడి పడవలమీద పనిచేసే మనవారిని కలిసి, వారి గుర్తింపు కార్డుల చిక్కులను, అడ్వాన్సు బాకీల లెక్కలను తెలుసుకోవాలన్నది మా ఉద్దేశం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరగ్రామాలనుండి ప్రతి సంవత్సరమూ వేలమంది మత్స్యకారులు వేరావల్, మంగ్రోల్, పోరుబందరు, ఓఖా రేవులకు వలస వెళ్ళడం దశాబ్దాలుగా జరుగుతున్నది. తమ వూరి ముందు సముద్రం వున్నా, పెద్ద పడవలు నిలిపే రేవు లేక, దేశానికి ఆ కొసనుండి ఈ కొసకు పోయి పరుల పడవలమీద వలలు లాగుతారు. సంక్రాంతి రోజులలోనే మేము వెళ్ళడానికి వేరే కారణం ఏమీ లేదు. మాకు టిక్కెట్లు దొరికినది అప్పుడే. సంక్రాంతికి ఊరు చేరే బండ్లన్నీ కిటకిటలాడుతుండగా, ఊరు విడిచి పోయే బండిలో చోటు సులువుగానే దొరికింది.

వేరావల్ రేవును చూడనివారికి ఒక మాట చెప్పాలి. అక్కడ పడవలు ఒకదానినొకటి ఒరుసుకుని వరుసలు వరుసలుగా నిలుస్తాయి. ఒడ్డునుండి నాలుగవ పడవకు పోవాలంటే మూడు పడవల అంచులు దాటాలి. మేము వెతుక్కుంటూ పోయిన పడవ అయిదవ వరుసలో వున్నది. అంచు దాటి కాలు పెట్టగానే మాకు ముందుగా కనిపించింది నాలుగేళ్ళ పిల్లవాడు. వాడి నడుముకు వలతాడు కట్టి, రెండవ కొసను స్తంభానికి ముడివేశారు. తాడు పొడవు పడవ అంచుకు రెండడుగులు తక్కువ. ఆ లెక్క వాడి తండ్రి వేసినది.

పడవమీద ఎనమండుగురు పనివారు. తండేలు, అంటే పడవ నడిపించే పెద్ద, అతని తమ్ముడు, అతని బావమరిది, మేనల్లుడు, తక్కిన నలుగురూ ఆ వూరివారో, పొరుగూరివారో. తండేలు యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకుని తన వారినే పనికి తెచ్చుకోవడం అక్కడి రివాజు. ఆ కారణంగా ఒక కుటుంబంలోని మగవారిలో సగంమంది ఒకే పడవమీద వుంటారు. వేటలో ప్రమాదం జరిగితే ఒకే యింటికి ఎన్ని దెబ్బలు తగులుతాయో పాఠకులే ఊహించుకోవచ్చు. 2025 ఫిబ్రవరిలో విడుదలైన చలనచిత్రం పుణ్యమా అని తండేలు అన్న మాట యిప్పుడు రాష్ట్రమంతటా తెలిసింది. మేము వెళ్ళిననాటికి ఆ మాటకు అర్థం విశాఖపట్నంలోని మా కార్యాలయంలోనే యిద్దరు ముగ్గురికి మించి తెలియదు.

ఆ పడవకు గేరుబాక్సు చెడిపోయింది. జనవరి మొదటివారంలో వేటనుండి తిరిగివస్తూ దారిలో చెడితే, మరొక పడవ లాక్కొచ్చి రేవులో వదిలింది. సామాను రావాలి, మెకానిక్కు రావాలి, పది రోజులు పడుతుందని తేలింది. ఆ సంగతి ఫోనులో వినగానే ఊళ్ళో వున్న తండేలు భార్యా, ఆమె తోడికోడలూ ముగ్గురు పిల్లలను వెంటబెట్టుకుని, అరిసెల డబ్బా, మినుముల మూట, పెద్దలకు పెట్టవలసిన కొత్త బట్టలు పట్టుకుని రైలెక్కారు. అహమ్మదాబాదు పోయే పూరీ బండిలో జనరల్ పెట్టె. అక్కడినుండి వేరావల్‌కు మరొక బండి. ఆ తల్లులకు హిందీ రాదు, గుజరాతీ రాదు. దారిలో ఎవరు ఏమడిగినా "వేరావల్, వేరావల్" అన్న ఒక్క మాటతో నెట్టుకొచ్చామని పెద్దామె నవ్వుతూ చెప్పింది.

"ఇంజిను సెడిపోబట్టి పండగొచ్చింది బాబూ," అన్నాడు తండేలు. "నేకపోతే ఈపాటికి ద్వారక అవతల వలేసుకుని వుందుం."

భోగి మంట పడవమీద వేయడానికి వీలులేదు. డీజిలు, చెక్క, నైలాను వలలు అన్నీ చేతికందేంత దూరంలో వుంటే అగ్గిపుల్ల గీయడానికే భయపడవలసిన చోటు అది. రేవుప్రక్కన పడవలు కట్టే యార్డులు వున్నవి. అక్కడి చెక్కపొట్టు, విరిగిన పలకముక్కలు అడిగి తెచ్చి, తెల్లవారుజామున ఒడ్డుమీదనే మంట వేశారు. ఆ మంట చూసి చుట్టుప్రక్కల పడవలలోని మనవారు యాభై అరవైమంది పోగయ్యారు. ఎవరి బాష వారు మాట్లాడుకునే ఆ రేవులో ఒక అరగంటసేపు తెలుగు తప్ప మరేమీ వినిపించలేదు. పిల్లల తలలమీద పోయడానికి రేగుపళ్ళు దొరికినవి. గుజరాతీలకు ఆనాడే ఉత్తరాయణ పండుగ. వారూ రేగుపళ్ళు తింటారు, బజారునిండా వున్నవి. తెల్లవారేసరికి రేవు మీది ఆకాశమంతా గాలిపటాలే.

భోగినాటి తలంటు గురించి ఇక్కడ కొంచెం వివరంగా వ్రాయవలసి వున్నది. వేటకు పోయినపుడు పడవమీదనున్న మంచినీరు త్రాగడానికీ, వంటకూ మాత్రమే. పదిహేను, యిరవై రోజులపాటు ఉప్పునీటి స్నానమే గతి. ఒళ్ళంతా తెల్లని పొరకట్టి, దురదలు పుట్టి, పుండ్లు పడడం అక్కడ ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు. రేవులో వున్నపుడు కూడా మంచినీరు డ్రమ్ముల లెక్కన కొనుక్కోవలసినదే. ఆ భోగినాడు తండేలు రెండు డ్రమ్ములు అదనంగా కొన్నాడు. ఎనమండుగురు మగవాళ్ళు ఒకరి తరువాత ఒకరు ఐసుగది మూతమీద కూర్చుని నలుగు పెట్టించుకుని మంచినీటితో తలస్నానం చేశారు. పండుగ వారికి మొదట తెలిసినది ఒంటికి. అరిసెలు ఆ తరువాత వచ్చినవి.

ఆడవారి సంగతి వేరు. పడవమీద మరుగుదొడ్డి లేదు. అటువంటి పడవలలో చాలావాటికి లేదు. మగవారు సముద్రంమీద ఎలాగో గడుపుకుంటారు. ఆ యిద్దరు స్త్రీలు అయిదు పడవల అంచులు దాటి, రేవు దాటి, బజారులోని డబ్బుల దొడ్డికి పోవలసి వచ్చేది. రాత్రి దానికి తాళం. అందువల్ల మధ్యాహ్నం తరువాత మంచినీరు త్రాగడమే మానివేశామని చిన్నామె మా బృందంలోని మహిళా కార్యకర్తతో చెప్పింది, మాతో చెప్పలేదు. రాత్రి ఆడవారూ పిల్లలూ చుక్కాని గదిలో పలకలమీద పడుకున్నారు. అందులో నిలబడితే తల తగులుతుంది. మగవారు వలల గుట్టమీద పడుకున్నారు.

సంక్రాంతినాడు పెద్దలకు పెట్టుకోవాలి. ఉత్తరాంధ్రలో ఆ పండుగకు అదే ప్రాణం. తండేలు తండ్రి అంతకు రెండేళ్ళ క్రిందట కాలం చేశాడు. ఆ ముసలాయన చనిపోయిన కబురు అందేటప్పటికి పడవ నడిసముద్రంలో వున్నది. కొడుకులిద్దరూ ఊరు చేరేసరికి పదకొండవరోజు దాటిపోయింది. కనుక ఆనాటి ఉదయం ఐసుగది మూతను కడిగి, పసుపునీళ్ళు చల్లి, దక్షిణపు వైపు కొత్త పంచె, తువ్వాలు పెట్టి, కలగాయకూర, పరమాన్నం, గారెలు వడ్డించి, అన్నదమ్ములు మ్రొక్కారు. గారెలకు పప్పు రుబ్బినది రేవులోని టీదుకాణంవాడి మిక్సీలో. ప్రక్కపడవలమీది గుజరాతీ, మహారాష్ట్ర కార్మికులు పనులాపి నిలబడి చూశారు. చేపకూర మాత్రం ఎవరూ అడగలేదు. ఎనిమిది నెలలు చేప తినేవారికి పండుగంటే గుమ్మడికాయ ముక్క.

భోజనాల దగ్గర పెద్దామె మాకు వడ్డిస్తూ అడిగింది: "కంపెనీల్లో పనిసేసినోల్లకి పండక్కి సెలవుంటాది గదా బాబూ? సంద్రంమీద పనిసేసినోల్లకి నేదేటి? మీ సంగమోల్లు అడగనేదా?"

మేము ముగ్గురం ఒకరి మొగం ఒకరు చూసుకున్నాము. ముప్ఫై సంవత్సరాలుగా మేము వ్రాసిన కోర్కెల పత్రాలన్నీ కళ్ళముందు తిరిగినవి. వేతనం వున్నది, ప్రమాద నష్టపరిహారం వున్నది, గుర్తింపు కార్డు వున్నది, డీజిలు సబ్సిడీ కూడా వున్నది. పండుగ సెలవు అన్న మాట ఏ పత్రంలోనూ లేదు. అడగలేదమ్మా అని చెప్పి తలవంచుకుని తిన్నాము.

ఈ వ్యాసం వ్రాయడానికి మాకు రెండు సంవత్సరాలకుపైగా పట్టడానికి కారణం అదే. వచ్చిన తరువాత జరిగిన కార్యవర్గ సమావేశంలో ఈ విషయం ఎత్తగా, అనుభవజ్ఞులైన ఒకరిద్దరు సహచరులు పెదవి విరిచారు. పండుగలు మతానికీ, మూఢనమ్మకానికీ సంబంధించినవనీ, ప్రాణభద్రత, వేతనం వంటి పెద్ద సమస్యలుండగా వీటిని ఎత్తుకుంటే ఉద్యమం చిన్నబోతుందనీ వారి వాదన. వారియెడల గౌరవంతోనే మేము విభేదించాము. బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు ఊరకనే రాలేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వాన కార్మికులు ఏళ్ళతరబడి ఆందోళన చేయగా 1890 జూన్‌లో అది సాధ్యమైంది. ఆదివారం ఖండోబా దేవుని వారం అన్నది కూడా ఆయన చెప్పిన కారణాలలో ఒకటని చెబుతారు. ఆ వారపు సెలవును ఈనాడు ఆస్తికుడూ, నాస్తికుడూ సమానంగా అనుభవిస్తున్నారు. ఖండోబాను ప్రార్థించమని ఎవరినీ ఎవరూ బలవంతం చేయడంలేదు. మా పడవమీది ఎనమండుగురిలో ఒకతను క్రైస్తవుడు. డిసెంబరు 25న తాను సముద్రంమీద వల లాగుతున్నానని, ఊళ్ళో గుడిలో తన పిల్ల పాట పాడిందట అని చెప్పాడు. మేము కోరే సెలవు అతనికి కూడా.

సమస్య లోతు తెలియాలంటే వేట క్యాలెండరును, పంచాంగాన్ని ప్రక్కప్రక్కన పెట్టి చూడాలి. పశ్చిమ తీరంలో జూన్, జూలై నెలలు వేట నిషేధం. ఆగస్టులో వేట మొదలవుతుంది. దానికి ముందే మనవారు అక్కడికి చేరాలి. తిరిగి మే నెలలో ఊరుముఖం చూస్తారు. అనగా వినాయకచవితి పోయింది, దసరా పోయింది, దీపావళి, నాగులచవితి, సంక్రాంతి, శివరాత్రి, ఉగాది అన్నీ పోయినవి. యింటిపట్టున వుండేది జ్యేష్ఠ ఆషాఢాలు. ఆ రోజులలో వచ్చే ఏరువాక పున్నమి రైతుల పండుగ. ఆషాఢంలో పెళ్ళి కూడా జరగదు. పైగా మన తూర్పుతీరంలో ఏప్రిల్ 15నుండి జూన్ 14వరకు నిషేధం కనుక, వచ్చినవాడికి మొదటి రోజులలో స్వంతవూరి సముద్రంలో కూడా పని వుండదు. ఆగస్టులో తీసుకోవలసిన అడ్వాన్సు ఆ రోజులలోనే ఖర్చయిపోతుంది. యజమానులకు అక్కడ పండుగ లేదనుకోరాదు. దీపావళికి, వారి నూతన సంవత్సరానికి చాలా పడవలు కొన్ని రోజులు ఒడ్డుకు వస్తాయని మా మిత్రులే చెప్పారు. ఆ రోజులలో మనవారు పడవమీదనే వుండి వలలు బాగుచేస్తారు.

మనసు కలచివేసే మరొక సంగతి చెప్పక తప్పదు. 2020 మార్చి 25 శార్వరి నామ ఉగాది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన రోజు కూడా అదే. వేటనుండి తిరిగివచ్చిన పడవలు రేవులలో నిలిచినవి. దిగినవారికి పోవడానికి బండి లేదు, వుండడానికి గది లేదు. ఉగాది పచ్చడి మాట దేవుడెరుగు, ఒకరినొకరు తాకకుండా దూరంగా వుండవలసిన రోజులలో అంత యిరుకు పడవలమీద ఏడెనిమిదిమంది చొప్పున నెలకుపైగా గడిపారు. ఏప్రిల్ నెలాఖరున బస్సులు పెట్టి నాలుగు వేలమందికి పైగా ఆంధ్ర మత్స్యకారులను గుజరాత్‌నుండి తీసుకురావలసి వచ్చింది. పడవ యిల్లు అవునో కాదో ఆనాడు ప్రభుత్వాలకు తెలిసివుండాలి.

దానికి ముందు సంవత్సరాంతపు కథ మరింత కఠినమైనది. 2018 చివరలో మనవారు పనిచేస్తున్న పడవలను పాకిస్థాన్ అధికారులు పట్టుకున్నారు. 2019 సంక్రాంతి మత్స్యలేశం వంటి గ్రామాలలో ఎలా గడిచిందో వ్రాయడానికి మాకు మాటలు చాలవు. వారిలో 20 మందిని 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దగ్గర మన దేశానికి అప్పగించారు. పండుగకు తొమ్మిది రోజుల ముందు. 2008లో కుదిరిన ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ప్రతి జనవరి 1న, జూలై 1న తమ నిర్బంధంలోనున్న వారి జాబితాలను యిచ్చిపుచ్చుకుంటాయి. మన తీరగ్రామాలలో కొన్ని యిళ్ళకు సంక్రాంతి ఎదురుచూపు ఆ జాబితాతో మొదలవుతుంది. మన జైళ్ళలో కూడా సింధు తీరపు జాలరులు వున్నారని, వారి యిళ్ళలోనూ ఈదు పండుగకు ఒక విస్తరి ఖాళీగా వుంటుందని ఈ సందర్భంలో మరువరాదు. సర్ క్రీక్ దగ్గర గీత ఎక్కడ గీయాలో రెండు ప్రభుత్వాలూ తేల్చుకోనంతకాలం, చేప ఎటుపోతే అటుపోయే పేదవాడే దానికి మూల్యం చెల్లిస్తున్నాడు.

పడవలమీద కుటుంబాలు నివసించడం క్రొత్త విషయం కాదనేవారు వుంటారు. నిజమే. కాశ్మీరులో హాంజీలు, బంగ్లాదేశ్ నదులమీద బేదె జనం తరతరాలుగా పడవలనే యిళ్ళు చేసుకున్నారు. మన గోదావరి కాలువలమీద కూడా పడవలలోనే సంసారాలు నడిచిన కాలం మా పెద్దలకు గుర్తు. అక్కడ పడవ వారిది, పొయ్యి వారిది, ఏ రేవులో ఎన్నాళ్ళు ఆగాలో నిర్ణయం వారిది. వేరావల్‌లో పడవ యజమానిది. పండుగకు వచ్చిన ఆడవారూ పిల్లలూ తిన్న బియ్యం, కాల్చిన గ్యాసు, తలంటుకు కొన్న రెండు డ్రమ్ముల నీరు, అన్నీ తండేలు ఖాతాలో బాకీగా వ్రాయబడినవి. ఆ పుస్తకం మేము చూశాము. యజమాని చెడ్డవాడేమీ కాదు. సంక్రాంతినాడు స్వయంగా వచ్చి పిల్లలకు నువ్వుల చిక్కీ యిచ్చి, అందరినీ పేరుపేరునా పలకరించి పోయాడు. ఖాతా వ్రాసినదీ ఆయనే.

ఇక చట్టాల మాట. వాణిజ్య నౌకలమీది నావికులకు 2006నాటి సముద్ర కార్మిక ఒడంబడిక వున్నది. మన దేశం దానిని 2015లో ఆమోదించింది. నెల పనికి రెండున్నర రోజుల చొప్పున వేతనంతో సెలవు అందులో వున్నది. వీలైనప్పుడు జీవిత భాగస్వామిని ఒక ప్రయాణానికి వెంట తీసుకుపోనివ్వడాన్ని ఓడల యజమానులు పరిశీలించాలన్న సూచన కూడా అందులో వున్నది. అది సూచన మాత్రమే, ఆచరణలో ఎవరికి అందుతుందో నావిక మిత్రులకు తెలుసు. అయినా కాగితంమీద మాట వున్నది. ఆ ఒడంబడిక చేపల పడవలకు వర్తించదు. చేపల పడవల కార్మికుల కొరకు అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో వేరే ఒడంబడిక చేసింది. దాని సంఖ్య 188. 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. మూడు రోజులకు మించి సముద్రంమీద వుండే పడవలలో రోజుకు 10 గంటలు, వారానికి 77 గంటలు తగ్గకుండా విశ్రాంతి యివ్వాలని, పనివారితో వ్రాతపూర్వక ఒప్పందం వుండాలని అది చెబుతున్నది. దానిని మన దేశం ఈనాటికీ ఆమోదించలేదు.

దేశీయ చట్టాలు చూద్దాము. 1979నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం అయిదుగురు వలస కార్మికులుంటే వర్తించేది. రానుపోను ప్రయాణ భత్యం, స్థానభ్రంశ భత్యం అందులో వుండేవి. పడవమీద ఎనమండుగురు వుంటారు కనుక వాదించడానికి ఒక ఆధారం వుండేది. ఆ ఆధారాన్ని మనం ఎంతవరకు వాడుకున్నామన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు మనకు గౌరవం తెచ్చేది కాదు. ఆ చట్టం స్థానంలో వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడు 2025 నవంబరు 21నుండి అమలులోకి వచ్చింది. స్వగ్రామానికి పోయిరావడానికి ఏడాదికొకసారి ప్రయాణ భత్యం అందులోనూ వున్నది. అయితే ఆ అధ్యాయం వర్తించడానికి పదిమంది వలస కార్మికులు వుండాలి. పడవకు ఏడుగురు, ఎనమండుగురు, తొమ్మండుగురు. ఒక్కొక్క పడవను ఒక్కొక్క సంస్థగా చూపితే చాలు, ఒక్క కార్మికుడికీ ఆ భత్యం అందదు. అయిదును పది చేసిన చేతికి వేరావల్ పడవలో ఎంతమంది పడతారో తెలియదని మేము అనుకోలేము.

కనుక మా ఫెడరేషను ముందు మేము పెట్టదలచిన మాట యిది. ఒక యజమానికి చెందిన పడవలన్నిటినీ కలిపి ఒకే సంస్థగా లెక్కించాలని మొదట పట్టుబట్టాలి. అది లేనిదే తక్కినవేవీ నిలబడవు. ఆ తరువాత, ఆగస్టునుండి మే వరకు సాగే వేటకాలం మధ్యలో ప్రతి కార్మికుడికీ కనీసం పన్నెండు రోజులు వేతనంతో సెలవు, రానుపోను ఛార్జీలు. అందరూ సంక్రాంతికే పోనక్కరలేదు. కొందరు క్రిస్మసుకు, కొందరు ఉగాదికి వంతులవారీగా పోవచ్చు. పడవ ఆగిపోతే నష్టపోతామని యజమానుల సంఘాలు అంటాయి. వాణిజ్య నౌకలలో ఒకరు దిగితే బదులు మనిషి ఎక్కుతాడు, ఓడ ఆగదు. రెండునెలల నిషేధాన్ని, దీపావళి విరామాన్ని తట్టుకునే పరిశ్రమ ఎనమండుగురిలో యిద్దరిని వంతులవారీగా పంపడానికి కుప్పకూలుతుందంటే నమ్మడం కష్టం.

మూడవది యజమానులను కాక ప్రభుత్వాలను అడగవలసినది. వలస కార్మికులు పెద్ద సంఖ్యలో వుండే ప్రతి రేవులోనూ మంచినీటి స్నానాల గదులు, రాత్రి కూడా తెరిచివుండే స్త్రీల మరుగుదొడ్డి, కుటుంబం వస్తే నాలుగు రోజులు తల దాచుకునే విశ్రాంతి గృహం కావాలి. ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు గుజరాత్ ఆంధ్రను, ఆంధ్ర గుజరాత్‌ను చూపుతాయి. పట్టిన చేప ఎగుమతై దేశానికి విదేశీ ద్రవ్యం తెస్తున్నది కనుక కేంద్రప్రభుత్వం కూడా తప్పుకోవడానికి వీలులేదు. 2008లో బొంబాయిమీద దాడి చేసినవారు గుజరాత్ చేపల పడవను చేజిక్కించుకునే వచ్చిన తరువాత రేవులలో కాపలా పెరిగింది, కార్డులు వచ్చినవి. అది అవసరమే. కార్డులేని భార్య తన భర్త వుంటున్న పడవకు పోవడానికి గేటు దగ్గర గంటన్నర బ్రతిమాలుకోవలసి రావడం మాత్రం ఏ భద్రతకూ అవసరం కాదు. కుటుంబ సభ్యుల పేర్లు కార్మికుడి కార్డు వెనుక అచ్చువేస్తే సరిపోతుంది.

కనుమనాడు కాకి కూడా కదలదని మన సామెత. ఆనాడు మధ్యాహ్నం మెకానిక్కు పని ముగించి, ఇంజిను నడిపి చూపాడు. మూడు గంటలకు ఐసు వచ్చింది, నాలుగింటికి డీజిలు వచ్చింది. గారెలు వండిన మూకుడు కడిగేలోపల యజమాని మనిషి వచ్చి రాత్రి పది గంటలకు బయలుదేరాలని చెప్పిపోయాడు. ఎవరూ ఏమీ అనలేదు. పెద్దామె మిగిలిన అరిసెలను ఎనిమిది పొట్లాలు కట్టి చుక్కాని గదిలో పెట్టింది. తండేలు పెద్దలకు పెట్టిన పంచెను మడిచి ఆమె చేతికిచ్చి, ఊరికి తీసుకుపొమ్మన్నాడు.

వారి బండి మరునాడు. రాత్రికి వారిని మేము స్టేషనుకు తీసుకుపోయాము. స్త్రీల విశ్రాంతి గది బెంచీమీద పిల్లలను పడుకోబెట్టారు. చిన్నవాడి నడుముకు వలతాడు ముక్క ఇంకా వున్నది. స్తంభం దగ్గర కోసి, వాడిని అలాగే ఎత్తుకొచ్చారు. ఉప్పునీటికి తడిసి ముడి బిగిసిపోయింది. తల్లి విప్పబోతే, అయ్య కట్టినాడని వాడు రెండు చేతులతో దానిని పట్టుకుని విప్పనివ్వలేదు.